మర్రి చెన్నారెడ్డి 1971ల తెలంగాణని అమ్ముకున్నడా, ఇంకో దారి లేక కలిపిండా? తెలిసినోళ్లు చెప్పుండ్రి

తాండూరు_కంది:
అందరికి నమస్తే. మొన్న మా పెద్దమ్మ దశదినకర్మకి ఊరికి పోయినం. భోజనాలైనంక షామియానా కింద కూసుంటే మా నాన్నకి, మా మేనమామకి చెన్నారెడ్డి మీద పెద్ద లొల్లి అయింది, ఎంత దూరం పోయిందంటే మామ కాఫీ తాగకుండనే లేచి బస్టాండుకి పోయిండు. మామ 69ల హైదరాబాద్‌ల కాలేజీల ఉండె, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంల జైలుకి పోయొచ్చిండు. ఆయన ఇప్పటికి ఒకటే మాట అంటడు, తెలంగాణ ప్రజాసమితి నుంచి 10 మంది ఎంపీలని మేం గెలిపించి ఇస్తే ఆ పార్టీని తీస్కపోయి ఇందిరమ్మ చేతుల పెట్టిండు అని. మా నాన్న ఫుల్ కాంగ్రెస్, చెన్నారెడ్డి లేకపోతే మన రంగారెడ్డి జిల్లానే లేదు, మన దిక్కు మొహం చూసిన సీఎం ఆయనొక్కడే అంటడు. నేను 90ల పుట్టినోణ్ని, నాకు ఎవరి మాట పట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఆయన పుట్టింది మా దగ్గరనే, వికారాబాద్ పక్కన సిరిపురం, 1919ల. డాక్టర్ చదివిండు, రెండుసార్లు సీఎం, నాలుగు రాష్ట్రాలకి గవర్నర్. ఇవన్ని ఎట్లాగు దొరుకుతయి. నాకు కావాల్సింది అప్పుడు అసలు ఏమైంది, ఎందుకైంది. తిట్లు కాకుండ ముచ్చట చెప్పుండ్రి.

కృష్ణా_కరకట్ట:
మాది అవనిగడ్డ వైపు, నేను ఆంధ్రా వాణ్ణని ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ అనకుండా. మా వైపు ఈయన గురించి పెద్దవాళ్లు చెప్పేది చాలా సింపుల్ అండి. 1967లో తాండూరులో గెలిచాడు, ఢిల్లీలో ఉక్కు గనుల శాఖ మంత్రి అయ్యాడు, ఏడాది తిరిగేసరికి కోర్టు ఎన్నిక కొట్టేసింది, పదవి పోయింది. పదవి పోయిన మరుసటి ఏడాదే ఉద్యమంలోకి వచ్చాడు. మళ్లీ పదవి దారి దొరకగానే ఉద్యమాన్ని వదిలేశాడు. ఆ మధ్యలో పోయింది మాత్రం స్టూడెంట్ల ప్రాణాలు. నాకు ఆయన మీద పగ ఏమీ లేదు కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకోలా ఎలా అనుకోవాలో మీరే చెప్పండి.

నల్లకోటు:
ఆ కోర్టు కేసు గురించి సగం సగం మాటలే వినపడతాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1967లో తాండూరులో ఆయన మీద పోటీ చేసి ఓడింది వందేమాతరం రామచంద్రరావు గారు, ఆర్యసమాజ్ నాయకుడు, నిజాం జైల్లో వందేమాతరం అంటూ దెబ్బలు తిని ఆ పేరు సంపాదించుకున్న మనిషి. ఆయన వేసిన పిటిషన్ మీద 1968లో హైకోర్టు ఎన్నిక చెల్లదంది, సుప్రీంకోర్టుకి వెళ్లినా చెన్నారెడ్డికి ఊరట దొరకలేదు. కారణం "అవినీతికర పద్ధతులు". ఈ మాట దగ్గరే చాలామంది పొరపడతారు, ఎన్నికల చట్టంలో ఆ మాటకి అర్థం ఖజానా సొమ్ము తిన్నాడని కాదు, ఓటర్లకి ఆశ చూపడం, ఒత్తిడి పెట్టడం, మతం కులం పేరు చెప్పి ఓటడగడం లాంటివన్నీ దాని కిందికే వస్తాయి. చిన్న తప్పని నేననట్లేదు, శిక్ష ఆరేళ్లు, ఆరేళ్లపాటు ఏ ఎన్నికలోనూ నిలబడకూడదు.

ఇంకో సంగతి కూడా చెప్తా. సరిగ్గా ఇదే చట్టం కింద 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక కొట్టేసింది. ఆ రోజు ఉత్తరప్రదేశ్ గవర్నర్ ఎవరో తెలుసా, మర్రి చెన్నారెడ్డే. ఏ చట్టం తన పదవి తీసేసిందో అదే చట్టం తనని గవర్నర్ని చేసినావిడ దాకా రావడం ఆయన లక్నో రాజ్‌భవన్‌లో కూర్చుని చూశాడు. ఆ కేసు ఎప్పుడు చదివినా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఓరుగల్లు_69:
కరకట్ట గారు, మీరు తేదీలు 1967 కాడ మొదలుపెట్టిండ్రు, నేను 1956 కాడ మొదలుపెడ్త. నాకు 70 దాటినయి, హన్మకొండల ఉంట, మా మనవరాలు ఫోన్ల టైప్ చేస్తాంది నేను చెప్తుంటె, తప్పులుంటె ఏమనుకోవద్దు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌ల పెద్దమనుషుల ఒప్పందం అయింది. అటు నలుగురు ఇటు నలుగురు సంతకాలు పెట్టిండ్రు. మన దిక్కు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, జె.వి. నర్సింగరావు, నాలుగో ఆయన ఈ చెన్నారెడ్డే. అప్పటికి ఆయన బూర్గుల కేబినెట్‌ల వ్యవసాయ మంత్రి, వయసు 37. అంటే తెలంగాణ ముచ్చట ఆయనకి 1968ల పదవి పోతే గుర్తుకొచ్చింది కాదు, సంతకం పెట్టిన చెయ్యి ఆయనది. ఆ కాగితంల ఏమున్నదంటె సీఎం ఆంధ్రోళ్లయితే ఉపముఖ్యమంత్రి తెలంగాణోళ్లు ఉండాలె, కేబినెట్‌ల 60కి 40 వాటా, తెలంగాణ మిగులు పైసలు తెలంగాణల్నే ఖర్చు పెట్టాలె, నౌకర్లకి 12 ఏండ్ల నివాసం ఉండాలె. నవంబర్ 1న రాష్ట్రం అయింది, సంజీవరెడ్డి సీఎం అయిండు, ఉపముఖ్యమంత్రి ఏడి అంటె అది ఆరో వేలు అన్నడు. ఆ మాట మా నాయన చచ్చిపోయేదాక మర్వలేదు, నేను మర్వలేదు.

69 జనవరిల ఖమ్మం దిక్కు, పాల్వంచ థర్మల్ స్టేషన్ల నౌకర్ల కాడ మంట లేసింది. అప్పుడు నాకు 18 ఏండ్లు. పిల్లలే నడిపిండ్రు మొదట, మదన్‌మోహన్ ఉండె ప్రజాసమితికి. చెన్నారెడ్డి మే నెలల వచ్చి పగ్గాలు పట్టుకున్నడు. మేం సంబురపడ్డం, నిజం చెప్తున్న, ఢిల్లీతోని ఇంగ్లీషుల మాట్లాడేటోడు, లెక్కలు తెల్సినోడు దొరికిండని. జూన్‌ల ఆయన్ని పట్టుకపోయి రాజమండ్రి జైల్ల పెట్టిండ్రు. అప్పుడు వరంగల్‌ల దుకాణాలు ఎన్ని దినాలు బంద్ ఉన్నయో లెక్క లేదు. కాల్పులల్ల పోయినోళ్లు 369 మంది అని ఉద్యమం లెక్క, సర్కారు లెక్క చానా తక్కువ. అసెంబ్లీ ముంగట గన్‌పార్క్‌ల స్తూపం వాళ్లదే.

మా కోపం 1971ది. మార్చిల లోక్‌సభ ఎలక్షన్ అయింది, దేశమంత ఇందిరమ్మ గాలి, అసొంటి గాలిల తెలంగాణల 14 సీట్లుంటె ప్రజాసమితి 10 గెలిచింది. సెప్టెంబర్ల పార్టీని తీస్కపోయి కాంగ్రెస్‌ల కలిపిండు. ఆర్నెల్లు. ఓటేసిన వేలి మీద సిరా పోయిందో లేదో. మమ్మల్ని ఒక్క మాట అడిగినోడు లేడు.

కృష్ణా_కరకట్ట:
పెద్దాయనా, నమస్కారం. 1956 సంతకం సంగతి నాకు తెలీదు, తప్పు నాదే, తేదీలు పక్కపక్కన పెట్టమన్న నేనే అసలు తేదీ వదిలేశాను. కానీ ఒకటి అడుగుతాను. విలీనానికి బదులు ఏదో వచ్చింది కదా. అప్పటి సీఎం బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు, సెప్టెంబర్ 30న పీవీ సీఎం అయ్యాడు, తెలంగాణ వాడు పూర్తి స్థాయి సీఎం అవ్వడం అదే మొదలు. ముల్కీ రూల్స్, అంటే ఉద్యోగాలు స్థానికులకే అనే నిబంధనలు, కొనసాగిస్తామన్నారు. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ చెల్లుతుందనగానే మా వైపు ప్రత్యేక ఆంధ్ర కావాలని జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది, మా నాన్న వాళ్ల కాలేజీ నెలల తరబడి మూతపడింది, ఆయన డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమైంది. పీవీ దిగిపోయాడు, రాష్ట్రపతి పాలన వచ్చింది, 1973లో ఆరు సూత్రాలు అని ముల్కీ రూల్స్‌నీ తెలంగాణ ప్రాంతీయ సంఘాన్నీ రెండిటినీ తీసేశారు. అంటే విలీనంతో మీకొచ్చినవి రెండేళ్లలో పోయాయి. అది చెన్నారెడ్డి అమ్ముకోవడమా, ఢిల్లీ మాట తప్పడమా?

డల్లాస్_తమ్ముడు:
ఒక డౌట్, 1971లో 10 సీట్లు గెలిచినప్పుడు చెన్నారెడ్డి ఎక్కడ నుంచి గెలిచాడు? నేను వెతికితే ఎక్కడా కనపడట్లేదు.

నల్లకోటు:
కనపడదు తమ్ముడూ, ఆయన పోటీనే చేయలేదు. పైన రాశాను చూడు, ఆరేళ్ల అనర్హత. 1971 లోక్‌సభ, 1972 అసెంబ్లీ రెండూ ఆ ఆరేళ్ల లోపలే వచ్చాయి. పార్టీ అధ్యక్షుడు, ఊరూరా తిరిగి 10 మందిని గెలిపించిన మనిషి, బ్యాలెట్ మీద మాత్రం పేరు లేదు. గెలిచిన ఎంపీలు ఢిల్లీలో కూర్చుంటే ఈయన బయట నుంచి వాళ్లని పట్టి ఉంచాలి. ఎంతమందిని ఎన్నాళ్లు పట్టి ఉంచగలడు అనేది నా ప్రశ్న. 10 మందిని పెట్టుకుని లోక్‌సభలో ఏం చేయగలరు, ఇందిరకి అప్పుడు 350 దాకా సీట్లున్నాయి, ఆమెకి వీళ్ల అవసరమే లేదు. 1971 మార్చిలో ఆమెకి మెజారిటీ తగ్గి ఉంటే తెలంగాణ చరిత్ర వేరేలా ఉండేదేమో, నా అభిప్రాయం అంతే. గవర్నర్ పదవి 1974 అక్టోబర్‌లో వచ్చింది కాబట్టి అదే బేరం అని అంటారు, విలీనానికి దానికి మధ్య మూడేళ్లు ఉంది, ఆ మూడేళ్లు ఆయన చేతిలో పెద్ద పదవేమీ లేదు.

ఓరుగల్లు_69:
నల్లకోటు సార్, మీరన్న లెక్క మంచిగనే ఉన్నది. 10 మందితోని రాష్ట్రం రాదు, అది మాకు తెల్వదా. కని రాదని తెలిసినంక ఆగి కొట్లాడుడు వేరు, పార్టీ బోర్డు తీసేసుడు వేరు. ప్రజాసమితి బతికుంటె 73ల ఆరు సూత్రాలప్పుడు తెలంగాణ తరఫున అడిగెటోడు ఒకడన్న ఉండు కదా. అప్పుడు ఎవ్వరు లేరు. మళ్ల 2001 దాక అసొంటి పార్టీ నిలబడలే. 30 ఏండ్లు. ఇదొక్కటే నా బాధ, పైసలు తిన్నడని నేనెప్పుడు అనలే.

ఎన్నికల_లెక్కలు:
అందరూ 1971 దగ్గరే ఆగిపోయారు, నాకు ఈయన నచ్చేది 1978 గురించి, అది ఎవరూ మాట్లాడరు. ఒకసారి ఊహించుకోండి, 1977లో ఇందిర రాయబరేలీలోనే ఓడిపోయింది, ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కి 41 వచ్చాయి, నంద్యాల ఒక్కటే జనతా తరఫున సంజీవరెడ్డి గెలిచాడు. 1978 జనవరిలో పార్టీ చీలింది. చీలికలో అసలు పార్టీ ఎవరి చేతిలో ఉందంటే జాతీయ అధ్యక్షుడు మన బ్రహ్మానందరెడ్డే, రాష్ట్రంలో సీఎం జలగం వెంగళరావు కూడా ఆయన వైపే. మంత్రులు, డబ్బు, ఆఫీసర్లు అంతా అటు. ఇందిర వైపు రాష్ట్రంలో పేరున్న పెద్ద మనిషి అంటే చెన్నారెడ్డి, గుర్తు కూడా కొత్తది, చెయ్యి గుర్తుతో ఆ పార్టీ జనం ముందుకి రావడం అదే మొదలు, నెలన్నరలో ఎలక్షన్.

అభ్యర్థులే దొరకని పరిస్థితిలో ఊరూ పేరూ లేని కుర్రాళ్లకి, లాయర్లకి, పంచాయతీ సమితి స్థాయి వాళ్లకి టికెట్లు ఇచ్చారు. చంద్రగిరిలో 27 ఏళ్ల చంద్రబాబు నాయుడు అలా వచ్చినవాడే. రిజల్ట్ 294లో ఇందిరా కాంగ్రెస్ 175, జనతా 60, అధికారంలో ఉన్న రెడ్డి కాంగ్రెస్ 30. సిట్టింగ్ సీఎం పార్టీ మూడో స్థానం. ఆ 30 మందిలో పులివెందుల నుంచి రాజశేఖరరెడ్డి ఒకడు, తర్వాత ఇటు వచ్చేశాడు. ఉదయగిరిలో జనతా తరఫున వెంకయ్య నాయుడు. ఆ తర్వాత 30 ఏళ్లు మనల్ని ఏలిన వాళ్లు, ఢిల్లీ దాకా వెళ్లినవాళ్లు ఎంతమంది ఆ అసెంబ్లీలో కూర్చున్నారో చూడండి. ఇందిర గాలి అని తీసిపారేస్తారు కానీ 77లో అధికారమే పోగొట్టుకున్న మనిషి పేరు మీద పదకొండు నెలల్లో రాష్ట్రం గెలవడం గాలితో అయ్యే పని కాదు, కింద పార్టీని నిలబెట్టిన మనిషి ఒకడుండాలి. నా లెక్కలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని అది.

తాండూరు_కంది:
లెక్కలు అన్నా, ఇది మా నాన్నకి సదివి వినిపిస్త, మస్తు ఖుషీ అయితడు. జిల్లా సంగతి కూడ నేను కనుక్కున్న. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి విడదీసి చేసిండ్రు, కె.వి. రంగారెడ్డి పేరు పెట్టిండ్రు. పైన పెద్దాయన చెప్పిన పెద్దమనుషుల ఒప్పందంల సంతకం పెట్టిన రంగారెడ్డే. ఆయన చెన్నారెడ్డికి మేనమామ. దీని మీద అప్పట్ల సొంత మామ పేరు పెట్టుకున్నడని లొల్లి అయిందంట. నాకైతే ఇందుల తప్పు కనపడ్తలేదు, రంగారెడ్డి ఊకెనే మామ కాదు, 56ల సంతకం పెట్టిన మనిషి, ఉపముఖ్యమంత్రి కూడ అయిండు. కని ఆ పేరు పెట్టే కుర్చీల ఉన్నది మేనల్లుడు కాబట్టి అడిగేటోళ్లు అడుగుతరు, అది కూడ న్యాయమే.

చిక్కడపల్లి_మెట్లు:
78 గురించి గొప్పగా రాశారు, సంతోషం, కానీ 78లోనే ఇంకోటి జరిగింది, దాన్ని వదిలేసి ముందుకు పోతే నాకు నిద్ర పట్టదు. మార్చి 6న ఈయన ప్రమాణం చేశాడు. ఆ నెల ఆఖర్న నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళ మీద పోలీసులు అత్యాచారం చేశారు, అడిగిన భర్తని కొట్టారు, ఆయన చనిపోయాడు. మాది చిక్కడపల్లి, స్టేషన్‌కి నడిచి పోయేంత దూరం, మా అమ్మ చెప్పేది, జనం శవాన్ని తీసుకుని రోడ్డు మీదికి వచ్చారని, తర్వాత కాల్పులు, కర్ఫ్యూ. కొత్త ప్రభుత్వానికి నెల కూడా నిండలేదు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు, కమిషన్ పోలీసులదే తప్పు అని తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారింది, అక్కడ అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఘటనకి చెన్నారెడ్డిని బాధ్యుణ్ణి చేయను, వచ్చి నెల కాలేదు. కమిషన్ వేయడం కూడా ఒప్పుకుంటా. కానీ కమిషన్ తప్పు అన్నాక ఆ కుటుంబానికి న్యాయం జరిగేదాకా వెంటపడాల్సిన బాధ్యత ఆ ప్రభుత్వానిదే, పడలేదు. 175 సీట్ల పక్కన ఇది కూడా రాసుకోండి.

ఎన్నికల_లెక్కలు:
మీరన్నది కరెక్ట్ మెట్లు గారు, నేను రాయాల్సింది, రాయలేదు. 

80 సంగతి కూడా చెప్పేస్తా. 1980 జనవరి లోక్‌సభలో చెన్నారెడ్డి సీఎంగా ఉండగా ఇందిరా కాంగ్రెస్‌కి రాష్ట్రంలో మళ్లీ 42కి 41. ఇంతకన్నా ఏ సీఎం ఏం తెచ్చి ఇస్తాడు? అదే ఏడాది అక్టోబర్‌లో దించేశారు. అసమ్మతి ఎమ్మెల్యేలు ఢిల్లీకి వరుస కట్టి అవినీతి అని, ఒంటెత్తు పోకడ అని ఫిర్యాదులు చేశారు. ఆయన పనితీరులో మొండితనం ఉంది, దాన్ని నేను కాదనను. కానీ దింపాక ఏమైందో చూడండి, అంజయ్య 61 మంది మంత్రులతో జంబో కేబినెట్, 82 ఫిబ్రవరిలో భవనం వెంకట్రామ్, సెప్టెంబర్‌లో విజయభాస్కరరెడ్డి, ఐదేళ్లలో నలుగురు. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అంజయ్యకి జరిగిన అవమానం అందరికీ తెలిసిందే. 83 జనవరిలో ఎన్టీఆర్ ఆత్మగౌరవం అని వచ్చి కొట్టేశాడు. ఆ ఆత్మగౌరవం మాటకి నేల దున్నింది 80 అక్టోబర్‌లోనే అని నేను నమ్ముతా.

ఓరుగల్లు_69:
89ల మళ్ల వచ్చినప్పుడు మా వరంగల్ల ఒకటి జరిగింది, చెప్తె ఈ కాలం పిల్లలు నమ్మరు. పీసీసీ అధ్యక్షుడిగ ఉండి 181 సీట్లు తెచ్చిండు, తెలుగుదేశం 74 కాడ ఆగింది, కల్వకుర్తిల ఎన్టీఆరే ఓడిపోయిండు. డిసెంబర్ల సీఎం అయిండు, నక్సలైట్ల మీద కట్టడి సడలించిండు. అప్పటిదాక ఊళ్లల్ల మీటింగ్ అంటె పోలీసు జీపు వచ్చుడే. 90 ఫిబ్రవరిల గద్దర్ అజ్ఞాతం నుంచి బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంల పాడిండు. మేల వరంగల్ల రైతుకూలీ సంఘం మహాసభ, లక్షల మంది, రోడ్లు చాలలేదు, ఊళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిండ్రు. నేను నక్సలైట్ పార్టీ మనిషిని కాదు, అయినా పోయి చూసిన, బెదురు లేకుండ జనం మాట్లాడుకునుడు చానా ఏండ్ల తర్వాత చూసిన. ఏడాది తిర్గకముందే మళ్ల ఎన్‌కౌంటర్లు, 92ల పీపుల్స్‌వార్ మీద నిషేధం. నిషేధం పెట్టింది ఈయన కాదు జనార్దనరెడ్డి. చెన్నారెడ్డి మీద నాకు 71 కోపం ఉన్నా, ఆ కొన్ని నెలల ఊపిరి ఇచ్చింది ఆయనే, అబద్ధం ఆడను.

పాతనగరం:
నేను ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నా, రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు 90 వచ్చింది కాబట్టి రాస్తున్నా. మాది పాతబస్తీ, అప్పుడు నాకు 11 ఏళ్లు. డిసెంబర్. అయోధ్య రథయాత్ర తర్వాత దేశమంతా వేడిగా ఉంది, మా నగరంలో కత్తిపోట్లు మొదలయ్యాయి, ఒక గల్లీలో ఒకడు పోతే రాత్రికి ఇంకో గల్లీలో ఇంకొకడు. వంద మందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూ సడలించే రెండు గంటల్లో మా అబ్బాజాన్ పాలు, ఉల్లిగడ్డ తెచ్చేవాడు, ఆయన వచ్చేదాకా అమ్మ తలుపు దగ్గర నిలబడే ఉండేది. మా గల్లీలో హిందువులవి నాలుగు ఇళ్లు, వాళ్ల పెద్దావిడ మా ఇంట్లోనే వారం ఉంది. ఆమె పండ్ల సెట్టు పెట్టుకున్న గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

డిసెంబర్ 17న చెన్నారెడ్డి రాజీనామా చేశాడు. సీఎంని దింపడానికి సొంత పార్టీ అసమ్మతి వాళ్లే గొడవలకి ఎగదోశారనే మాట ఆ రోజుల్లో ఊరంతా ఉంది, ఈ రోజుకీ మా వాళ్లు అదే అంటారు. ఎవరి మీదా రుజువైంది లేదు, శిక్ష పడింది లేదు. నిజమైతే అంతకన్నా ఘోరం ఉండదు. నిజం కాకపోయినా, సీఎం ఆయన, పోలీసులు ఆయన చేతిలో ఉన్నారు, మొదటి వారంలోనే ఆపాల్సింది. రాజకీయాలు రాసేవాళ్లు చెన్నారెడ్డి రెండోసారి పదవి పోగొట్టుకున్నాడు అని ఒక్క లైన్ రాస్తారు. ఆ లైన్లో మా గల్లీ లేదు.

చిక్కడపల్లి_మెట్లు:
పాతనగరం గారు, రాసినందుకు థాంక్స్. ఇంకేమనాలో తెలియట్లేదు.

ఎన్నికల_లెక్కలు:
పాతనగరం గారు, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పక్కన ఒక్క విషయం మాత్రం పెడతా. ఆ ఏడాది అక్టోబర్‌లో కర్ణాటకలో వీరేంద్ర పాటిల్‌ని అధిష్టానం ఇలాగే తీసేసింది, అక్కడా ముందు మత ఘర్షణలు జరిగాయి. రెండు నెలల తేడాలో పక్కపక్క రాష్ట్రాల్లో ఇద్దరు గట్టి సీఎంలు, ఇద్దరూ 89లో పార్టీని భారీగా గెలిపించినవాళ్లే. కర్ణాటకలో 94కల్లా పార్టీ మూడో స్థానానికి పడిపోయింది, మన దగ్గర 94లో 26 సీట్లు.

మైలాపూర్_తెలుగోడు:
మా ఇంట్లో మూడు తరాలుగా మద్రాసే, చెన్నారెడ్డి అంటే మాకు తెలిసింది గిండీ రాజ్‌భవన్ చెన్నారెడ్డి. 93 మేలో గవర్నర్‌గా వచ్చారు, అప్పుడు జయలలిత మంచి ఊపులో ఉంది, ఆవిడకి ఎదురు చెప్పిన మనిషి ఇక్కడ ఎవరూ లేరు, ప్రతిపక్షం కూడా వణికేది. ఈయన వణకలేదు. మొదట ప్రోటోకాల్ గొడవలు, తర్వాత యూనివర్సిటీలకి ఛాన్సలర్‌గా గవర్నర్‌ని తీసేసి సీఎంని పెట్టేలా అసెంబ్లీలో బిల్లు, గవర్నర్‌ని వెనక్కి పిలవాలని తీర్మానం. 95 మార్చిలో సుబ్రమణ్యస్వామి అడిగితే జయలలిత మీద అవినీతి కేసు వేయడానికి ఈయన అనుమతి ఇచ్చేశారు. సీఎం మీద కేసుకి గవర్నర్ ఊ అనడం అంటే అప్పట్లో పెద్ద బాంబు. తర్వాతి నెలలో రోడ్డు మీద పాండిచ్చేరి వెళ్తుంటే తిండివనం దగ్గర అన్నాడీఎంకే వాళ్లు కాన్వాయ్‌ని అడ్డగించారు, రాళ్లు పడ్డాయి. గవర్నర్‌కే దారి లేకపోతే మాకేం దిక్కు అని మా నాన్న ఆ రోజు పేపర్ పట్టుకుని అన్న మాట గుర్తుంది. ఆ నెలలోనే జయలలిత అసెంబ్లీలో, గవర్నర్ తనతో సరిగా ప్రవర్తించలేదని అన్నారు. ఒక మహిళ అన్న మాటని ఊరికే కొట్టిపారేయడం నాకిష్టం లేదు, అలాగని ఆ గొడవ మధ్యలో వచ్చిన మాటని నిజమని రాసేయలేను కూడా. 96లో ఆవిడ ఓడిపోయింది, ఆ డిసెంబర్ 2న ఈయన హైదరాబాద్‌లో పోయారు, గవర్నర్ పదవిలో ఉండగానే.

నల్లకోటు:
గవర్నర్‌గా ఆయన్ని మెచ్చుకునేటప్పుడు రాజస్థాన్ కూడా చూడాలి. 1992 డిసెంబర్‌లో బాబ్రీ కూల్చాక కేంద్రం బీజేపీ ప్రభుత్వాలు రద్దు చేసింది, జైపూర్‌లో షెకావత్ ప్రభుత్వం కూడా పోయింది, అప్పుడు అక్కడ గవర్నర్ ఈయనే. సుప్రీంకోర్టు 1994 బొమ్మై తీర్పులో ఆ రద్దుల్ని సమర్థించింది కాబట్టి చట్టం ప్రకారం సరే. అంతకుముందు లక్నోలో కూడా బహుగుణ దిగిపోయాక 1975 నవంబర్ చివరి నుంచి 76 జనవరి దాకా రాష్ట్రపతి పాలనలో ఎమర్జెన్సీ మధ్యలో యూపీ అంతా ఈయన చేతి మీదే నడిచింది. ఎన్నికైన ప్రభుత్వాన్ని ఢిల్లీ తీసేస్తే ఎంత నొప్పో రెండుసార్లు అనుభవించిన మనిషి, ఇంకో రాష్ట్రంలో ఢిల్లీ తరఫున ఆ పని చేయాల్సి వచ్చింది. రాజస్థాన్‌కి, తమిళనాడుకి పంపింది ప్రధాని పీవీ, 1971లో ఈయన పార్టీని కలిపాక ఎవరు సీఎం అయ్యాడో ఆ పీవీనే.

కృష్ణా_కరకట్ట:
మొదట్లో నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా, సగం. పదవి కోసమే వచ్చాడు అన్న మాట తీసేస్తున్నా, 1956 చదివాక అది అనలేను. పదవి ముందుకొస్తే కాదనలేకపోయాడు అన్నది మాత్రం ఉంచుతా. పెద్దాయనకి మళ్లీ నమస్కారం, మీ మనవరాలికి కూడా, అంత ఓపిగ్గా టైప్ చేసినందుకు.

మోడరేటర్:
మధ్యలో రెండు పోస్టులు తీసేశాం, ఒకరి కులం గురించి, ఒకరి కుటుంబం గురించి ఉన్నాయి. మిగతా చర్చ కొనసాగించవచ్చు.

తాండూరు_కంది:
అందరికి చానా థాంక్స్. నిన్న ఆదివారం మామ ఇంటికి పోయిన, సైదాబాద్‌ల ఉంటడు. ఇదంత ఫోన్ల సదివి వినిపించిన, గంటన్నర పట్టింది. ఓరుగల్లు పెద్దాయన రాసింది రెండుసార్లు సదివించుకున్నడు, ఆ ప్రజాసమితి బతికుంటె 73ల అడిగెటోడు ఉండు అన్న కాడ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. డల్లాస్ తమ్ముడు అడిగింది, నల్లకోటు సార్ చెప్పింది సదివినంక చానాసేపు ఏం మాట్లాడలే. మామకి 71ల అప్పుడే ఓటు వచ్చింది, మొదటి ఓటు ప్రజాసమితికే. తర్వాత ఏమన్నడంటే, అవునురా, ఆయన పేరు మీద తిరిగినం, ఆయన ఫోటో పట్టుకొని తిరిగినం, బూత్‌లకి పోయి చూస్తే కాగితం మీద ఆయన పేరే లేదు, ఆ దినం మాకు అది తట్టనే లేదు అన్నడు.

మా నాన్నకి ఫోన్ కలిపి ఇచ్చిన. పాతనగరం అన్న రాసింది మామనే ఆయనకి సదివి వినిపించిండు. అవతల నుంచి నాన్న కాసేపటికి, కర్ఫ్యూల నేను అప్పుడు హైదరాబాద్‌లనే ఉన్న బావా, నాంపల్లి స్టేషన్ల మూడు రాత్రులు పండుకున్న అన్నడు. ఈ ముచ్చట మా ఇంట్ల ఎవ్వరికి ఇప్పటిదాక తెల్వదు. మాసికానికి మామ వస్త అన్నడు.